పాత ప్రకటనలో దాగిన తృష్ణ



ధమ్మం గురించి మాట్లాడుకునే చోట బేస్‌బాల్ సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది. మన ఇళ్లలోంచి కూడా పిల్లలు అమెరికా వెళ్లారు, చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడి ఇష్టాలు వాళ్లకూ అంటుతున్నాయి. అందులో ఒకటి వినడానికి విచిత్రంగా ఉంటుంది. బేస్‌బాల్ ఆటగాళ్ల కార్డులు, బొమ్మలు, సంతకం చేసిన బంతులు కొని దాచుకునేవాళ్లు అక్కడ చాలామంది. అది ఒక రకం. ఇంకో రకం వాళ్లు ఆ వస్తువులను కూడా కాదు, వాటిని అమ్మడానికి ఒకప్పుడు పత్రికల్లో వేసిన ప్రకటనలను ఏరి దాచుకుంటారు.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. వస్తువు మీద మనసు పడితే తృష్ణ అంటాం. మరి వస్తువే లేదు, అమ్మిన కంపెనీ కూడా మూతపడింది, పసుపెక్కిన కాగితం ఒక్కటే మిగిలింది. దాన్ని దాచుకోవడం కూడా తృష్ణేనా? తొందరపడి అవుననో కాదనో అనకండి. ముందు ఆ కాగితాల్లో ఏముందో చూద్దాం.

1869 నాటి సంగతి. సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ అని ఒక జట్టు. ఆటగాళ్లందరికీ బహిరంగంగా జీతాలిచ్చి ఆడించిన మొదటి జట్టు అదే. న్యూయార్క్‌లో పెక్ అండ్ స్నైడర్ అనే ఆటసామాన్ల దుకాణం ఆ జట్టు ఫొటోతో ఒక కార్డు వేసింది. ఒకవైపు ఆటగాళ్లు, రెండోవైపు దుకాణం ప్రకటన. ఈ రోజు దాన్ని తొలి బేస్‌బాల్ కార్డుల్లో ఒకటిగా లెక్కపెడతారు. అంటే మొదట్లో ప్రకటన వేరు, జ్ఞాపిక వేరు కాదు. ప్రకటనే జ్ఞాపిక.

తర్వాత సిగరెట్ కంపెనీలు దిగాయి. 1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో ఆటగాళ్ల బొమ్మల కార్డులు పెట్టింది. ఆ కార్డుల్లో హోనస్ వాగ్నర్ అనే పిట్స్‌బర్గ్ ఆటగాడిది ఒకటి. దాన్ని త్వరలోనే ఆపేశారు. తన బొమ్మ కోసం పిల్లలు పొగాకు కొనడం అతనికి నచ్చలేదని కొందరు, డబ్బు ఇవ్వనందుకే ఒప్పుకోలేదని కొందరు చెబుతారు. ఏదైనా మిగిలినవి యాభై అరవైకి మించి లేవు. 2022లో అందులో ఒకటి 72.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. వాగ్నర్ గొప్ప ఆటగాడే, సందేహం లేదు. కానీ ఆ ధర ఆటది కాదు, కొరతది.

ఆ కొరతను కావాలని పుట్టించిన కథ ఇంకా బాగుంటుంది. 1933లో బోస్టన్‌లోని గౌడీ గమ్ కంపెనీ బబుల్‌గమ్‌తో పాటు కార్డులు ఇచ్చింది. కార్డులకు వరసగా నంబర్లు వేసింది, కానీ 106వ నంబరు కార్డు అచ్చే వెయ్యలేదు. సెట్టు పూర్తి చేద్దామని పిల్లలు గమ్ కొంటూనే ఉన్నారు. లేని కార్డు ఎక్కడ దొరుకుతుంది? కొందరు కంపెనీకి ఉత్తరాలు రాశారు. అప్పుడు 1934లో నాప్ లజోయ్ అనే పాత ఆటగాడి బొమ్మతో 106 అచ్చు వేసి, ఉత్తరం రాసినవాళ్లకు పోస్టులో పంపారు.

ఇక్కడ కాసేపు ఆగండి. స్పర్శ వల్ల వేదన, వేదన వల్ల తృష్ణ, తృష్ణ వల్ల ఉపాదానం అని మనం చదువుకుంటాం. చదివి, తృష్ణ అంటే ఎవరి మనసులో వారికి పుట్టే రోగం అనుకుని ఊరుకుంటాం. గౌడీ కంపెనీ వాళ్లు ప్రతీత్యసముత్పాదం చదివి ఉండరు గానీ, ఆ గొలుసులో ఏ కొక్కెం ఎక్కడ తగిలించాలో వాళ్లకు బాగా తెలుసు. బొమ్మ చూపించారు, సంతోషం కలిగింది, ఇంకొకటి కావాలనిపించింది, చివరి ఒక్కటి మాత్రం దాచేశారు. పిల్లవాడి గుప్పిట బిగుసుకుంది. తృష్ణను ఫ్యాక్టరీలో కూడా తయారు చేస్తారు. ఆ తయారీకి సాక్ష్యం ఎక్కడైనా మిగిలిందంటే ఈ పాత ప్రకటనల్లోనే. వస్తువు అబద్ధం చెప్పదు, పాపం దానికి నోరు లేదు. ప్రకటన మాత్రం ఎలా ఊరించారో మాటతో సహా పట్టిస్తుంది.

పత్రికల్లో ప్రకటనకు కింద చిన్న కూపన్ ఉండేది. గీత మీద కత్తిరించి, పేరు, చిరునామా రాసి, డబ్బులు జతచేసి పంపాలి. ఇప్పుడు సేకరించేవాళ్లు కూపన్ కత్తిరించని పేజీకే ఎక్కువ ధర పెడతారు. అంటే ఆనాడు ఎవరో కోరిక అణచుకుని కొనకుండా ఊరుకున్నారు కాబట్టి ఈనాడు వీళ్లు కొంటున్నారు! వాళ్లమ్మ వద్దని ఉంటుంది. ఆ అమ్మ ఆపిన తృష్ణకు ఇప్పుడు వడ్డీతో సహా ధర కడుతున్నారు.

కాబట్టి వస్తువు పోయినంత మాత్రాన తృష్ణ పోదు. కాగితాన్ని కొత్త వస్తువుగా మార్చుకుంటుంది.

అయితే కథ ఇంతటితో అయిపోతే, 'మానెయ్యండి' అని ఒక మాట చెప్పి నేను ఊరుకునేవాణ్ణి. ఆ కాగితాల్లో ఇంకో సంగతి ఉంది. మనకు అసలు సంగతి అదే. ఆ సిగరెట్ కార్డులన్నీ వరసగా పరిచి చూడండి. ఒక్క నల్లజాతి అమెరికన్ ముఖం కనబడదు.

1884లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అనే నల్లజాతి ఆటగాడు టొలీడో తరఫున పెద్ద లీగులో ఆడాడు. ఆ తర్వాత తలుపు మూశారు. దానికి రాసిన చట్టం లేదు. యజమానులు ఒకరికొకరు తెలిసినట్టు ఉండిపోయారు, అంతే. రాయకుండా అమలయ్యే కట్టుబాటు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? 1913 నుంచి 1916 వరకు బాబాసాహెబ్ కొలంబియా యూనివర్సిటీలో చదువుకున్నారు. అక్కడికి సుమారు రెండు మైళ్లలో పోలో గ్రౌండ్స్ మైదానం ఉండేది. న్యూయార్క్ జెయింట్స్ జట్టు అక్కడే ఆడేది. ఆ జట్టులో నల్లజాతి ఆటగాడు ఒక్కడూ లేడు.

మైదానంలో లేనివాడు కార్డు మీద ఉండడు. కార్డు మీద లేనివాడు ప్రకటనలో ఉండడు. ప్రకటన ఏం కొనాలో మాత్రమే చెప్పదు, ఎవరిలా అవ్వాలని కలగనాలో కూడా చెబుతుంది. తన రంగు ముఖం ఒక్కటీ లేని కార్డులు పోగుచేసుకున్న నల్లజాతి పిల్లవాడు తెలియకుండా ఏం నేర్చుకుని ఉంటాడో ఆలోచించండి.

మన చరిత్రలోనూ ఒక ప్రకటన కథ ఉంది. 1920 జనవరి 31న బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' పత్రిక ప్రారంభించారు. ఆ పత్రిక వస్తోందని ప్రకటన వెయ్యమంటే, డబ్బు ఇస్తామన్నా 'కేసరి' వెయ్యలేదు. తిలక్ బతికి ఉన్నప్పటి మాట ఇది. పదమూడు రోజులకు, ఫిబ్రవరి 13న, అమెరికాలో కాన్సస్ సిటీలో రూబ్ ఫోస్టర్ తోటి జట్ల యజమానులను కూర్చోబెట్టి నీగ్రో నేషనల్ లీగ్ పెట్టాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇద్దరూ చేసింది ఒకటే పని, రానివ్వని చోట తలుపు దగ్గర నిలబడకుండా సొంతంగా కట్టుకోవడం. డబ్బుకు కులం లేదంటారు చూడండి, అది నిజం కాదు. కేసరి గుమ్మం దగ్గర మన డబ్బుకు కులం ఉంది.

ఆ లీగు ఆటల ప్రకటనలు 'షికాగో డిఫెండర్', 'పిట్స్‌బర్గ్ కొరియర్' లాంటి నల్లజాతి పత్రికల్లో వచ్చాయి. పోస్టర్లు దుకాణాల కిటికీల్లో పెట్టారు. ఆట అయిపోగానే చింపేశారు. దాచుకోదగ్గవని అప్పట్లో డబ్బున్నవాళ్లకు తోచలేదు. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మైదానంలోకి దిగాడు. అదే ఏడాది బాండ్ బ్రెడ్ అనే రొట్టెల కంపెనీ అతని బొమ్మతో కార్డులు వేసింది. న్యాయం మీద ప్రేమా, రొట్టెలు అమ్ముకోవడమా? రొట్టెలే అని నా లెక్క. అయినా ఆ కార్డు పట్టుకున్న పిల్లల కళ్లను కాదనలేం. పదేళ్లు తిరిగేసరికి హార్ట్‌లాండ్ అనే విస్కాన్సిన్ కంపెనీ చేసిన 18 మంది ఆటగాళ్ల ప్లాస్టిక్ బొమ్మల్లో విల్లీ మేస్, హ్యాంక్ ఆరన్, ఎర్నీ బ్యాంక్స్ చేరారు. జాష్ గిబ్సన్‌కు మాత్రం అందలేదు. మహా బ్యాట్స్‌మన్. రాబిన్సన్ దిగడానికి మూడు నెలల ముందు, 35 ఏళ్లకే చనిపోయాడు. పెద్ద లీగు మైదానం తలుపు అతనికి తెరుచుకోలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మనం సతి అనే మాటకు అర్థం ఎరుక అని చెప్పుకుంటాం. దాని మూలం స్మృతి, అంటే జ్ఞాపకం. కాబట్టి ధమ్మం గుర్తుపెట్టుకోవద్దని చెప్పదు. బాబాసాహెబ్ పుస్తకాలు 1917లో వేరే ఓడలో వస్తుంటే, ఆ ఓడ సముద్రంలో మునిగిపోయింది. ఆయన మళ్లీ కొన్నారు, వాటి కోసమే అన్నట్టు దాదర్‌లో రాజగృహ కట్టారు. దాన్ని ఉపాదానం అంటామా? ఆ పుస్తకాలు బీరువాలో నిద్రపోలేదు, రాజ్యాంగం దాకా నడిచాయి.

పాత ప్రకటన విషయంలోనూ చూడాల్సింది చేతిని కాదు, చేతిలోని కాగితంతో ఏం చేస్తున్నారన్నది. పక్కవాడికి మంచి పేజీ దొరికితే కడుపు మండుతోందా? మూల చిరిగితే రాత్రి నిద్ర పట్టడం లేదా? అలా అయితే 106వ నంబరు మీ ఇంట్లో కూడా ఉంది. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఈ పిచ్చి ఉంటే తిట్టకండి. ఒక పని చెప్పండి. పెద్ద లైబ్రరీలలో పిట్స్‌బర్గ్ కొరియర్ పాత సంచికలు మైక్రోఫిల్మ్ మీద ఉంటాయి. ఆటల పేజీ తీయించి, అందులోని ప్రకటన నకలు తీసుకుని, తమ దగ్గరున్న సిగరెట్ కార్డు బొమ్మ పక్కన అంటించుకోమనండి. సంతలో నకలుకు పైసా రాదు. అది గోడకు ఉంటే ఇంటికొచ్చిన చిన్నపిల్లలు రెండూ చూసి ఏదో ఒకటి అడుగుతారు. ముందు వాళ్లను అడగనివ్వండి.