అచ్చు అతికిన అవ్వ

అమరచింతలో ఒకప్పుడు ఒక షావుకారుకు, ఊళ్ళో అందరికన్నా గొప్ప నేతగాడికి వెండి కంకణం తొడగాలని ముచ్చట పుట్టింది. అంతకుముందు ఇలాంటివి పెద్దమనుషులు గుడి అరుగు మీద కూర్చుని తేల్చేవాళ్ళు. ఎన్నిసార్లు తేల్చినా కంకణం ఎవరో ఒక పెద్దమనిషి అల్లుడి చేతికే ఎక్కేది. అందుకని షావుకారు గుమాస్తాను పిలిచి, "ఈసారి మాటలొద్దు, లెక్క తియ్యి" అన్నాడు.

గుమాస్తా ఇల్లిల్లూ తిరిగాడు. మగ్గం గుంట పక్కన గొంతుక్కూర్చుని, "ఈ అంచు ఎవరిది చూసి పట్టినవ్?" అని అడగడం, చెప్పిన పేరు కింద గీత గీయడం. అంతే కొలత. మొదటి వారంలోనే ఒక వింత బయటపడింది. ఊరి చివర, పండక్కి కూడా ఎవరూ పిలవని ఒక నేతగాడి రుద్రాక్ష అంచు పదకొండు మగ్గాల మీద ఆడుతోంది. పెద్దమనుషులు ఆ పేరు రెండుసార్లు చదివించుకున్నారు.

రెండో వారానికి కొలత సంగతి ఊరంతా పాకింది. పై వీధిలో ఇద్దరు వియ్యంకులు ఒక ఒప్పందానికి వచ్చారు. "బావా, నా మగ్గాలన్నీ నీ పేరు చెప్తయి, నీ మగ్గాలు నా పేరు చెప్పాలె." ఇంకొకాయన తన నెమలి అంచును మూడు ముక్కలు చేశాడు. ముక్కు ఒక అంచు, మెడ ఒక అంచు, పింఛం ఒక అంచు. ఒక నెమలికి మూడు గీతలు!

గుమాస్తాకు ఇంకో చిక్కు వచ్చింది. ఇక్కడ నేసే గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. మూడు నాడెలు ఆడించి ఆ రెండింటినీ కలిపే కుట్టు లేకపోతే అది గద్వాల చీరే కాదు. "ఈ కుట్టు ఎవరి దగ్గర నేర్చినవ్?" అని అడిగితే అందరూ నవ్వారు. "ఎవరిదేంది సారూ? అది మగ్గానిదే." అన్ని మగ్గాల మీదా ఉన్న పనికి పుస్తకంలో ఒక్క గీత పడలేదు.

ఆఖరి రోజు ఒక ఇంట్లో అవ్వ అచ్చు అతుకుతోంది. వేళ్ళకు బూడిద రాసుకుని, అయిపోయిన పడుగు కొసను, కొత్త పడుగు పోగును పట్టుకుని ఒక్క మెలి. మళ్ళీ ఇంకో పోగు. ఇలా వేల పోగులు. ఊళ్ళో ఆమె వేళ్ళు తగలని మగ్గం లేదు. గుమాస్తా ఊరికే అడిగాడు, "నీకెవరు నేర్పిన్రు అవ్వా?"

ఆ ప్రశ్న ఆమెను ఎప్పుడూ ఎవరూ అడగలేదు. అత్త పేరు చెప్పింది, అత్తకు నేర్పిన పెద్దత్త పేరు చెప్పింది, కృష్ణ అవతలి నుంచి కోడలిగా వచ్చిన ఇంకొకామె సంగతి చెప్పింది. చెప్తూ చెప్తూ తలెత్తి, "రాస్తున్నవా నాయినా?" అంది.

పుస్తకంలో ఆ పేర్లకు గడి లేదు. గుమాస్తా తల మాత్రం ఊపాడు.

కంకణం వియ్యంకుల్లో పెద్దాయనకు వెళ్ళింది. అతుకు దాటాకే చీర మొదలవుతుంది కాబట్టి ముడులున్న ఆ జానెడు ముక్కను కోసి పక్కన పడేస్తారు. గుమాస్తా అలాంటి ముక్క ఒకటి తెచ్చి, తన లెక్కల పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నాడు.

నీతి: గీతలు లెక్కపెట్టు, కానీ గీత పడని చోట పని లేదనుకోకు.

నేను గుమాస్తా పక్షమే. అరుగు మీది తీర్పుకన్నా పుస్తకం మేలు. శాస్త్ర లోకంలోనూ ఇలాంటి పుస్తకం ఉంది. ఏ పరిశోధన పత్రాన్ని ఎవరు ఉటంకించారో వరుసగా రాసి పెట్టే సూచికను 1964లో యూజీన్ గార్‌ఫీల్డ్ తెచ్చాడు. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ చెప్పాడు. ఇరవై పత్రాలకు ఒక్కోదానికి కనీసం ఇరవై ఉటంకింపులుంటే నీ అంకె ఇరవై. వియ్యంకులూ, మూడు ముక్కల నెమలీ ఆ లోకంలోనూ వెంటనే తయారయ్యారు.

కుట్టు లాంటి సంగతే గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారిది. 1945లో, పాతికేళ్ళ వయసులో, కలకత్తా గణిత సంఘం పత్రికలో ఒక వ్యాసం వేశారు. అంచనాల కచ్చితత్వానికి గీసిన క్రామర్-రావు హద్దు అందులోదే. ఇవాళ గణాంక శాస్త్రం చదివే ప్రతి పిల్లా పిల్లవాడూ ఆ పేరు పలుకుతారు, ఆ వ్యాసం తెరిచి చూసేవాళ్ళు ఎందరు? అందరిదీ అయిపోయిన పనికి ఉటంకింపు రాలిపోతుందని సామాజిక శాస్త్రవేత్త మెర్టన్ ఎప్పుడో గమనించాడు. అంతర్జాతీయ గణాంక బహుమతి రావు గారికి 2023లో వచ్చింది. అదే ఏడాది ఆయన వెళ్ళిపోయారు.

ఇక అవ్వ సంగతి. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారికి గీతలు లేవని కాదు. ఫాస్ఫరస్‌ను రంగు బట్టి కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925లో అచ్చయింది, దానికి ఉటంకింపులు వేలల్లో ఉన్నాయి. కానీ హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళి, ఎందరి పనినో ఒకచోట అతికారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, పిల్లల రక్త క్యాన్సర్ మీద సిడ్నీ ఫార్బర్ వాడి 1948లో ఫలితాలు ప్రకటించిన అమినోప్టెరిన్, బోదకాలుకు వాడే డీఈసీ, అన్నీ ఆయన నడిపిన బృందాల్లోంచి వచ్చినవే. ఆయన 1948లోనే, 53 ఏళ్ళకే పోయారు.

బోదకాలు మందు పంచే రోజున ఆశా కార్యకర్త గడప దగ్గర నిలబడుతుంది. "నా ముందే మింగవ్వా, తర్వాత వేసుకుంట అనొద్దు" అంటుంది. అవ్వ డీఈసీ మాత్రలు నోట్లో వేసుకుని చెంబెత్తి నీళ్ళు తాగుతుంది. ఆశా తన పుస్తకంలో ఒక గీత గీసుకుని పక్కింటికి వెళ్తుంది.