పది రూపాయలూ లేనివాడి సంగతి

పెద్ద బైకుల షోరూముల్లో పలకరింపు కాళ్ల దగ్గర మొదలవుతుంది. వచ్చినవాడివి బూట్లా, అరిగిన హవాయి చెప్పులా అన్నది చూశాకే సేల్స్ కుర్రాడి మొహాన నవ్వు రావాలో వద్దో తేలుతుంది. బూట్లకైతే "రండి సార్, కూర్చోండి". చెప్పులకైతే "క్యాషా, ఫైనాన్సా?" రంగు సంగతి ఎత్తకముందే సిబిల్ స్కోరు ఆరా. టెస్ట్ రైడ్ అడిగితే బండి సర్వీసుకెళ్లిందంటాడు. కాసేపటికి బూట్లాయన అడిగితే అదే బండి తాళం వచ్చేస్తుంది.

బజాజ్ చేతక్ కోసం జనం ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజుల్లోనూ డీలర్లకు దర్పం ఉండేది. సరుకు కొరత వల్ల వచ్చిందది. 1991 తర్వాత మార్కెట్ తెరుచుకుంది, బళ్లు కుప్పలుగా వచ్చాయి. మరి దర్పం ఎందుకు పోలేదు?

కుర్రాణ్ని తిట్టడం తేలికే. కానీ 350 సీసీ బండి గొప్పలు వల్లించే అతను సాయంత్రం ఇంటికెళ్లేది పాత 100 సీసీ బండి మీద. కొననివాడితో గడిపిన అరగంట అతని టార్గెట్‌లో లెక్కకు రాదు. పైవాళ్లు తనను కొలిచే కొలతతోనే అతను ఎదుటివాణ్ని కొలుస్తున్నాడు.

2022 జనవరిలో కర్ణాటకలోని తుమకూరులో పికప్ వాహనం కొనడానికి షోరూముకు వెళ్లిన ఓ రైతును, జేబులో పది రూపాయలైనా ఉన్నాయా అన్నట్టు అక్కడి సేల్స్ కుర్రాడు ఎగతాళి చేశాడు. ఆయన కాసేపట్లోనే పది లక్షలు తెచ్చి చూపించాడు. దేశమంతా చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం ఆ చప్పట్ల దగ్గరే అనుమానం. ఆయన గెలిచింది డబ్బు చూపించబట్టే కదా! అంటే డబ్బుంటేనే మర్యాద అన్న షోరూము సూత్రాన్నే మనమూ ఒప్పుకున్నాం. అంచనా తప్పిందని కుర్రాణ్ని చూసి నవ్వుకున్నాం గానీ, అసలు అంచనా వేయడమే తప్పనలేదు. నిజంగానే ఆయన జేబులో పది రూపాయలూ లేకపోతే? ఆ ఎగతాళి న్యాయమైపోయేదా?

కొనగలిగినవాడికి దక్కే మన్నన బిల్లులోనే కలిసి ఉంటుంది. కొనలేనివాడికి, ఊరికే చూసిపోదామని వచ్చినవాడికి దక్కేదాన్ని బట్టే మన మర్యాద ఏపాటిదో తెలుస్తుంది. అతనికి అప్పివ్వక్కర్లేదు, ధర తగ్గించక్కర్లేదు. కూర్చోమని, అడిగినదానికి సూటిగా జవాబు చెబితే చాలు. అంతమాత్రానికే కుర్రాడి ఉద్యోగం కదిలిపోయేలా ఉంటే, నిలదీయాల్సింది గుమ్మంలో నిలబడ్డ ఆ కుర్రాణ్నా, లోపల ఏసీ గదిలో టార్గెట్లు రాసేవాళ్లనా?