వినిపించకపోవడమూ సాక్ష్యమే

గురుత్వ తరంగాలు మొదటిసారి దొరికింది 2015 సెప్టెంబరు 14న. రెండు కృష్ణబిలాలు ఒకటైపోయిన ఆ ఘటనకు లోకమంతా జేజేలు పలికింది. అయినా నా మనసు ఎప్పుడూ 2017 ఆగస్టు 17 దగ్గరే ఆగుతుంది.

ఆ రోజు అమెరికాలో ఈ తరంగాలను పట్టే రెండు లైగో కేంద్రాల్లో సుమారు 100 సెకన్ల పాటు ఒక అల నమోదైంది. 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ ఢీకొన్నాయి. లైగోలో నాలుగేసి కిలోమీటర్ల గొట్టాలు రెండు ఉంటాయి. వాటిలో లేజర్ కాంతి అటూ ఇటూ పరుగెడుతుంది. అల దాటిపోయేటప్పుడు ఒకదాని నిడివి పెరిగి, రెండోదాని నిడివి తగ్గుతుంది. ఆ తేడా ప్రోటాన్ వెడల్పులో అతి చిన్న వంతు! అల ముగిసిన 1.7 సెకన్లకు ఫెర్మీ ఉపగ్రహానికి గామా కిరణాల మెరుపు తగిలింది. ఇంతకీ ఆకాశంలో ఏ మూల?

ఇటలీలో పీసా దగ్గరున్న విర్గో డిటెక్టరు ఆ నెల మొదట్లోనే వీటితో చేరింది. అంత దగ్గరి ఘటన దానికీ గట్టిగా వినిపించాలి. దాదాపు ఏమీ వినిపించలేదు. విర్గో మాత్రం చక్కగా పనిచేస్తూనే ఉంది. అంటే అల, దానికి సరిగా వినిపించని దిక్కు నుంచి వచ్చిందన్నమాట. ప్రతి డిటెక్టరుకూ అలాంటి దిక్కులు కొన్ని ఉంటాయి. ఆ లెక్కతో వెతకాల్సిన ఆకాశం 28 చదరపు డిగ్రీలకు తగ్గింది. ఢీకొన్న సుమారు 11 గంటల్లో చిలీలోని స్వోప్ టెలిస్కోపు, ఎన్‌జీసీ 4993 అనే గెలాక్సీలో కొత్త వెలుగును పట్టుకుంది. బంగారం లాంటి బరువైన మూలకాలు ఇలాంటి చోట పుడతాయన్న ఊహకు బలమైన ఆధారం ఆ వెలుగులోనే దొరికింది.

కనబడనిదాన్ని లేదని కొట్టిపారేయడం మనకు అలవాటు. విర్గో మౌనానికి అంత విలువ ఎలా వచ్చింది? తనకు ఏ దిక్కున ఎంతవరకు వినిపిస్తుందో ముందే కొలిచి పెట్టుకున్న పరికరం కాబట్టి. తన హద్దు తెలియనివాడు "నాకేమీ వినపడలేదు" అంటే ఆ మాటను ఎటూ వాడుకోలేం.

ఈ శాస్త్రం పెరిగిందే అలాంటి నిజాయితీ మీద. 1969లో జోసెఫ్ వెబర్ అల్యూమినియం స్తంభాలతో అలలను పట్టానని ప్రకటించారు. ఇతరులు అలాంటివే కట్టి చూసి, తమకేమీ దొరకలేదని రాశారు. 2002 నుంచి 2010 దాకా లైగోకు కూడా ఒక్క అల చిక్కలేదు. ఆ ఫలితాలనూ దాచుకోకుండా, ఎంత బలమైన అలలు రాలేదో లెక్కగట్టి ప్రచురించారు. చేతికి ఏమీ రాని ఆ ఏళ్లను నేను వృథా అనలేను.

మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో, ఒకప్పటి హైదరాబాద్ రాజ్యపు నేల మీద, లైగో-ఇండియా రావాల్సి ఉంది. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం దానికి 2,600 కోట్ల రూపాయలు ఆమోదించింది. మిగతావాటికి ఇంత దూరాన మరో డిటెక్టరు ఉంటే అల ఎటునుంచి వచ్చిందో చెప్పడం ఎంతో తేలికవుతుంది. ఆ పని ఇంకా ఆలస్యం కాకూడదు.