కాలిన రాళ్లతో లేచిన గోడ

వాక్యభాగము: నెహెమ్యా 3 నుండి 6 అధ్యాయములు



సొంత ఊరు విడిచి, పరాయి ప్రాంతములలో స్థిరపడిన మనకు నెహెమ్యా చాల దగ్గరివాడు. షూషను కోటలో రాజుగారి కొలువులో ఉండియు, పితరుల పట్టణము పాడైయున్నదని విని కూర్చుండి ఏడ్చెను. తరువాత ప్రార్థించెను. ఆ తరువాత లేచి వెళ్లి కట్టెను.

మొదటిగా, దేనితో కట్టిరో గమనించుదము. సన్బల్లటు నవ్వినది దానినిగూర్చియే. చెత్తకుప్పలలోని కాలిన రాళ్లకు మరల ప్రాణము పోయగలరా అని ఎగతాళి చేసెను. వారు ఆ రాళ్లనే తీసి, దులిపి, గోడలో పెట్టిరి. మనుష్యులు పారవేసినది దేవుని పనికి పనికివచ్చెను. మనలను కూడ ఆయన అట్లే ఏరుకొనెను గదా!

మన దేశములో దీనిని చేసి చూపిన విశ్వాసి ఒకరున్నారు. 1917లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హాములో పుట్టిన లారీ బేకరుగారు క్వేకరు సంఘస్థుడు. 1945లో కుష్ఠురోగుల సేవ నిమిత్తము ఇండియాకు వచ్చిరి. ఇల్లు కట్టు సామాను ఐదు మైళ్ల లోపలనే దొరకవలెనను గాంధీగారి మాట ఆయన మనస్సులో నాటుకొనెను. హిమాలయములలోని పిథోరాగఢ్‌లో పల్లెవాసులు మట్టితోను రాతితోను కట్టుట చూచి నేర్చుకొనిరి. తరువాత కేరళలో, పడగొట్టిన ఇండ్ల తలుపులు, కిటికీలు, పెంకులు తెచ్చి పేదలకు చక్కని ఇండ్లు కట్టిరి. 2007లో ప్రభువునందు నిద్రించిరి.

రెండవదిగా, ఎవరు కట్టిరి? మూడవ అధ్యాయము పేర్ల పట్టికయని దాటిపోవద్దు. యాజకులు, కంసాలులు, పరిమళద్రవ్యములు చేయువారు, వర్తకులు, షల్లూము కుమార్తెలు, అందరును ఉన్నారు. తెకోవీయుల పెద్దలు మాత్రము మెడ వంచలేదు. అయినను ఆ ఊరి సామాన్యులు తమ భాగము ముగించి, మరియొక భాగము కూడ కట్టిరి. ఏబది రెండు దినములలో గోడ పూర్తియాయెను.

మూడవదిగా, అయిదవ అధ్యాయము మనలను నిలదీయుచున్నది. ఒకవైపు గోడ లేచుచుండగా, మరియొకవైపు బీదలు తమ ఇండ్లను, పొలములను సొంత సహోదరులకే కుదువ పెట్టుచుండిరి. నెహెమ్యా ఊరకుండలేదు. పెద్దలను పిలిపించి ఇండ్లు తిరిగి ఇప్పించెను. పట్టణపు గోడ ఎంత ఎత్తైనను, లోపలి బీదవానికి ఇల్లు లేనియెడల ఆ గోడ ఎవరి కొరకు? మందిరమునకు రంగులు వేయుచు, చందాలు ఎత్తుచున్న ప్రతి సంఘము ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలెను. మన వరుసలలోనే వానకు ఇల్లు కారుచున్న విధవరాలు కూర్చుండుట లేదా?

ఆమె ఇల్లు సంఘమే కట్టవచ్చును. మొదట స్థలము ఆమె పేరున ఉన్నదో లేదో చూడుడి. మట్టిని తడిపి, ఎండుగడ్డి ముక్కలు కలిపి బాగుగా తొక్కవలెను. వరుస వేసి, అది ఆరిన తరువాతనే పై వరుస వేయవలెను. మట్టిగోడకు శత్రువు నీరు. అడుగున ఎత్తైన రాతి పునాది, పైన వెడల్పైన చూరు తప్పక ఉండవలెను. యానాం వంటి తీరములలో, వరద నీరు నిలుచు చోట గోడ అడుగుభాగము మట్టితో కట్టరాదు. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూరులో భూకంపము వచ్చినప్పుడు, మట్టితో పేర్చిన మందపు రాతిగోడలు, బరువైన మట్టి మిద్దెలు కూలి వేలమంది చనిపోయిరి. కాబట్టి కప్పు తేలికగా ఉంచి, అనుభవముగల మేస్త్రీని అడిగియే మొదలుపెట్టుడి.

మన సంఘములలో తాపీపనివారున్నారు, వడ్రంగులున్నారు. పాత ద్వారబంధము ఇవ్వగలవారున్నారు. యౌవనస్థులకు మట్టి తొక్కు కాళ్లున్నవి, స్త్రీలకు అలుకు చేతులున్నవి. డబ్బు లేనివాడును ఒక శనివారము ఇవ్వగలడు. తెకోవీయుల పెద్దలవలె నిలుచుందమా, ఆ ఊరి సామాన్యులవలె రెండవ భాగము కూడ కట్టుదమా?

మంటినుండి మనలను చేసిన దేవుడు, మంటిలో పనిచేయు మన చేతులను దీవించును గాక. ఆమేన్.