పెట్టెలోని వస్త్రము

పేరంటములలో తాంబూలముతో వచ్చిన రవికె గుడ్డలు, పండుగలకు కొనిన తానులలో మిగిలిన ముక్కలు గృహములందు పెట్టెలలో పేరుకొనుచుండును. ఎప్పటికైనను పనికివచ్చునని గృహిణి వానిని దాచును. ఇది పొదుపా? పరిగ్రహమా?

పతంజలి మహర్షి యోగసూత్రములందు అపరిగ్రహమును ఐదు యమములలో ఒకటిగా చెప్పెను. వినియోగమునకై దాచుట పొదుపు. వినియోగమును మరచి, దాచుటయే ప్రయోజనమని తలచుట పరిగ్రహము. పట్టుబట్ట ఏండ్ల తరబడి ఒకే మడతపై నున్నచో ఆ మడతయొద్దనే చీలును, జరీ నల్లబడును. అట్లు దాచినది దాచినవారికిని దక్కదు.

కొందరు అది చివికిన పిదప పేదలకు దానమిత్తురు. కఠోపనిషత్తులో తండ్రి పాలుడిగిన గోవులను దానమిచ్చుట చూచి బాలుడైన నచికేతుడు కలతచెందెను. చివికిన వస్త్రమును దానమిచ్చుటయు అట్టిదే.

కావున బట్ట గట్టిగా నున్నపుడే కత్తెర పట్టవలెను. ఒక రవికె గుడ్డ పసిబిడ్డ చొక్కాకు చాలును. కొన్ని ముక్కలు కలిపిన దిండు గలీబు అగును. తక్కినవి బొంతలో చేరును. అయితే, సరిపోలు అంచుకొరకు మరల అంగడికి పోయినచో పెట్టె తరుగదు. ఉన్నదానితోనే కుట్టుట ఇందలి నియమము. ఇంటికి చాలినంత ఉంచుకొని, మిగిలినది కొత్తదనము చెడకమునుపే మర్యాదతో ఒకరికి ఇయ్యవలెను. ఒక దేహమును కప్పిననాడే నేతగాని శ్రమ సార్థకమగును.