పూడని రంధ్రం

"నా వస్తువు, నా ఇష్టం. మధ్యలో ఎవరికేం?" ఈ మాట మన పిల్లల నోట తరచు వింటున్నాం. ఇందులో సగం నిజం ఉంది. మన భూమి మీద, మన అడవి మీద మన మాటే చెల్లాలని పోరాడినవాళ్లం. సొంతదనం విలువ మనకు ఒకరు చెప్పనక్కరలేదు. కానీ సొంతదైనంత మాత్రాన దాన్ని ఏమైనా చేయవచ్చా? ఈ ప్రశ్నను ముందు దూరదేశపు పని ఒకదాంట్లో చూసి, తర్వాత మన ఇంటికి తెచ్చుకుందాం.

రెండు ప్రపంచ యుద్ధాల తర్వాత అమెరికాలో పాత సైనిక రైఫిళ్లు చవగ్గా దొరికాయి. జర్మన్ల మౌజర్, అమెరికా వాళ్ల 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ లాంటివి. అక్కడి మామూలు రైతులు, కార్మికులు వాటిని కొని వేటకు తగ్గట్టు మార్చుకున్నారు. కర్రను చెక్కి బరువు తగ్గించారు. దూరంలో ఉన్నది దగ్గరగా కనిపించేందుకు పైన స్కోపు బిగించుకున్నారు. సైనిక రైఫిళ్లలో చాలావాటికి స్కోపు బిగించే ఏర్పాటు ఉండదు. అందుకని ఇంట్లోనే రిసీవరుకు రంధ్రాలు పెట్టి, లోపల మరలు కోసేవారు. రిసీవరంటే గొట్టం మొదలు బిగిసి ఉండే ఇనుప భాగం. తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే బలాన్ని కాసేది అదే.

చెప్పడానికి చిన్న పనే. అక్కడ ఎక్కువగా వాడే మర మందం మూడున్నర మిల్లీమీటర్లు, అంగుళానికి 48 చుట్లు. కానీ పాత రిసీవర్ల పైపొర గట్టిగా కాల్చిన ఉక్కు. డ్రిల్లు మొన దాని మీద జారిపోతుంది. వెంట్రుకవాసి పక్కకు పోతే స్కోపు వంకరగా కూర్చుంటుంది. ముందువైపు రంధ్రం లోతెక్కువైతే తూటా కూర్చునే గది దాకా పోతుంది. మర కోసే పనిముట్టు లోపల విరిగితే తీయడం నిపుణుడికే కష్టం. అన్నీ సరిగ్గా కుదిరినా రంధ్రం రంధ్రమే. దాన్ని నింపి పైన నునుపు చేయవచ్చు గానీ మళ్లీ మొదటి ఇనుముగా చేయలేం.

ఆ మనిషిది తప్పా? తొందరపడి తప్పనలేం. వయసు మీద పడి చూపు మందగించిన వేటగాడికి స్కోపు లేకపోతే గురి తప్పుతుంది. గాయపడిన జింక పొదల్లో దూరి బాధపడి చస్తుంది. దెబ్బతిన్న జంతువును వదిలేసి ఇంటికి రావడం మన పెద్దలూ ఒప్పుకోలేదు. నెత్తుటి చుక్కల వెంట నడిచి వెతికేవారు. సరైన గురి కోసం పనిముట్టు మార్చుకోవడం జీవి మీద జాలి కూడా కావచ్చు. పనిముట్లు మార్చుకోకుండా ఏ జాతీ బతకలేదు. బాణానికి ఇనుప మొన తొడిగిన మన తాతలు కూడా ఆ పనే చేశారు.

అయినా ఒక సంగతి మిగిలింది. 1950లలో ఆ రైఫిళ్లు కుప్పలు. ఒకటి పాడైతే ఇంకొకటి కొనవచ్చు. 1968లో వచ్చిన చట్టం విదేశీ సైనిక రైఫిళ్ల దిగుమతిని బాగా కట్టడి చేసింది. ఏళ్లు గడిచేకొద్దీ చెయ్యి పెట్టని రైఫిళ్లు అరుదయ్యాయి. ఈరోజు పాతవాటిని సేకరించేవారు అలాంటివాటికే ఎక్కువ ధర ఇస్తారు, రంధ్రం పడినదాన్ని పక్కన పెడతారు. డ్రిల్లు పట్టిన రోజున ఆ మనిషికి ఇది తెలిసే వీలు లేదు. అందుకే అతన్ని నిందించడం కంటే అతని నుంచి నేర్చుకోవడం మేలు. ఈరోజు కుప్పగా ఉన్నది రేపు ఒక్కటే మిగలవచ్చు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. ఇక్కడ తుపాకీ ప్రశ్నే రాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీని మార్చడమూ బాగుచేయడమూ నేరం. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంతో వేటా ఆగింది. కానీ కొన్ని కోయ గూడేల్లో తరాలుగా దాచుకున్న అడవిదున్న కొమ్ములు ఇంకా ఉన్నాయి. పండగకు నెమలి ఈకలతో తలకెత్తుకుని డోలు దెబ్బకు ఆడతారు. ఒకప్పుడు ఒకటి పగిలితే ఇంకొకటి వచ్చేది. ఇప్పుడు రాదు, రాకూడదు కూడా. ఉన్నవే ఉన్నాయి.

ఇప్పుడు మన నృత్యాన్ని పెద్ద వేదికలకు పిలుస్తున్నారు. దీపాల కింద ఇంకా మెరవాలని ఒక కుర్రవాడు తాత కొమ్ముకు రంధ్రం పెట్టి రంగు లైటు బిగించాడనుకుందాం. కొమ్ము వాళ్ల ఇంటిదే. వేదిక మీద బాగుండాలన్న కోరికా తప్పు కాదు. అయినా మనకు మనసొప్పదు. ఎందుకు? ఆ కొమ్ము మీద అతనికి హక్కు లేదని కాదు. దాన్ని ఎత్తుకున్నవాళ్లలో అతను మొదటివాడు కాదు, చివరివాడు కాకూడదు. తాత ఎలా ఇచ్చాడో అలాగే మనవడికి ఇవ్వగలగడం కూడా ఆ సొంతదనంలో ఒక భాగం.

అలాగని ఏదీ ముట్టుకోవద్దని మేము అనడం లేదు. పెట్టెలో పెట్టి తాళం వేస్తే ఆట చచ్చిపోతుంది. అమెరికా వేటగాళ్లలోనే కొందరు రంధ్రం లేకుండా స్కోపు పెట్టే దారి వెతికారు. వెనక గురి ముక్కను విప్పి, అదే చోట స్కోపు పట్టీ బిగించారు. వద్దనుకున్న రోజు పట్టీ విప్పి పాత ముక్క పెట్టుకోవచ్చు. కోరికా తీరింది, రైఫిలూ చెడలేదు. మన కుర్రవాడూ లైటును కొమ్ముకు కాకుండా తలపాగాకు కట్టుకోవచ్చు.

అందుకే పాత వస్తువు మీద పనిముట్టు పెట్టేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలని మా సలహా. ఇది నిజంగా అవసరమా? చేసింది మళ్లీ విప్పగలమా? విప్పలేకపోతే, మన తర్వాత దీన్ని పట్టుకునేవాళ్లు ఏమంటారు? మూడో ప్రశ్నకు జవాబు చెప్పాల్సినవాళ్లు ఇంకా పుట్టలేదు. వాళ్ల తరఫున ఇంట్లో పెద్దలనైనా ఒక మాట అడగాలి.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. పిల్లలను ఇంట్లోని పాత వస్తువు ఒకటి చూసి రమ్మనండి. డోలో, విల్లో, అమ్మమ్మ కడియమో ఏదైనా సరే. దాన్ని ఎవరు చేశారు, ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అని పెద్దలను అడిగి రాయమనండి. "నా వస్తువు, నా ఇష్టం" అన్న మాట మంచిదా చెడ్డదా అని ఆ తర్వాత తరగతిలో వాదించుకోనివ్వండి.