పరయా అంటే ఎవరు?

మన పేరునే తిట్టుగా మార్చిన మాటను మనమే బట్టీపట్టి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకోవచ్చునా? ఈ ప్రశ్న నాకు హాస్టలు పిల్లల నుంచి వచ్చింది. కర్నూలు ఎస్సీ హాస్టల్లో డిగ్రీ ఆఖరేడు చదివేవాళ్ళు, అయిపోయినవాళ్ళు కొందరు ఆదివారం పూట మా ఇంటికి ఇంగ్లీషు మాటలు నేర్చుకోను వస్తారు. బయటి దేశంలో చదువుకు ప్రభుత్వం డబ్బిచ్చినా, ఐఇఎల్‌టిఎస్సో టోఫెలో గట్టెక్కకుండా అక్కడి యూనివర్సిటీ గేటు తెరవదు. ఐఇఎల్‌టిఎస్‌లో రాతకూ మాటకూ ఇచ్చే మార్కుల్లో నాలుగో వంతు పదసంపదకే. సంపద! మా ఇళ్ళలో ఏ సంపద ఉంది గనుక ఇదొక్కటి ఉండడానికి? టౌన్లో కాన్వెంటు పిల్లకు అన్నం తింటూ తింటూ అబ్బే మాటల్ని మా పిల్లలు పట్టిక పెట్టుకొని రోజుకు ఇరవై లెక్కన మింగాల.

ఆ పట్టికలో పి అక్షరం కింద ఉంటుంది పరయా. అర్థం: వెలివేయబడ్డవాడు, అందరూ అసహ్యించుకునేవాడు.

మాట పుట్టింది మన పక్కింట్లోనే. తమిళంలో పఱై అంటే తోలువాద్యం. అది కొట్టేవాళ్ళు పఱైయర్లు. 1600ల మొదట్లోనే ఈ పేరు ఇంగ్లీషు పుస్తకాలకెక్కింది. తర్వాత మద్రాసు రాజధానిలో దొరలు అంటరాని కులాలన్నిటినీ కలిపి అదే పేరుతో పిలిచారు. మాలా మాదిగా తేడా వాళ్ళకెందుకు? వీధికుక్కను కూడా పరయా కుక్క అన్నారు. పంతొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి అది ఒట్టి ఉపమానమైపోయింది. యూదుల గురించి రాస్తూ మాక్స్ వెబర్ ఈ మాటే వాడాడు, 1944లో హన్నా అరెంట్ కూడా వాడింది. వాద్యం కొట్టే మనిషి మాత్రం అందులోంచి మాయమైపోయాడు.

మా కడప పక్క పలక అంటే రెండున్నాయి. ఒకటి బడిపిల్లోడు రాసేది. ఇంకోటి మా నాయన మెడకు తగిలించుకొని జాతరలో, పీనుగ ముందర కొట్టేది. కొట్టేముందు కసువు మంటేసి దాన్ని కాచేవాడు. చలికీ వానకూ తోలు మెత్తబడితే అది పలకదు. ఎంత కాచాలో వేలితో తట్టి తెలుసుకునేవాడు. ఊళ్ళో ఆ పని తెలిసినోళ్ళు నలుగురే. ఆ నలుగురూ రాకపోతే దేవర కదలదు, పీనుగ లేవదు. అట్లాంటి పని చేసే మనిషి పేరు ఇంగ్లీషులో అసహ్యానికి పేరైంది. (ఇంగ్లీషునొక్కదాన్నే అని లాభం లేదు. తెలుగులో మా కులాల పేర్లు తిట్లు కావడానికి ఏ దొరా రానక్కరలేకపోయింది.)

కోసిగి పిల్లవాడు పెన్సిలు తీసి, ‘ఈ మాట కొట్టేస్తా సార్, దీంతో వచ్చే మార్కు నాకొద్దు’ అన్నాడు. జమ్మలమడుగు అమ్మాయి ఊరుకోలేదు. ‘నువ్వు కొట్టేస్తే డిక్షనరీలోంచి పోతాదా? వాళ్ళు మనల్ని ఏమంటాండారో మనకు తెలీకుండా పోతాది, అంతే’ అనింది.

ఈ తగాదా పాతదే. 1893లో మద్రాసులో రెట్టమలై శ్రీనివాసన్ పత్రిక పెట్టి దానికి ‘పఱైయన్’ అని పేరు పెట్టాడు. సిగ్గుపడమన్న పేరునే తలకెత్తుకున్నాడు. అదే కాలంలో అయోతీదాసు పండితుడు, ఆ పేరు శత్రువులు అంటగట్టింది, మేము పూర్వబౌద్ధులం, దాన్ని మేమెందుకు మొయ్యాలన్నాడు. మన దగ్గరా రెండూ జరిగాయి. 1917లో బెజవాడ సభలో, భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన, పంచములన్న పేరు వదిలి ఆది ఆంధ్రులమన్నారు. 1994లో దండోరా పుట్టాక పేరు చివర మాదిగ అని రాసుకున్నారు. నాకు రెండోదే నచ్చుతుంది. అట్లని మొదటివాళ్ళను పిరికివాళ్ళని అనలేను. కర్నూలులో అద్దె ఇల్లు అడిగేటప్పుడు కులం చెప్పి చూడండి, తెలుస్తుంది.

పరీక్షలో పేరు పెట్టేది మనం కాదు. కీ వాళ్ళ చేతిలో ఉంది. జీఆర్‌ఈలో ఒక రకం ప్రశ్నకు ఆరు మాటలిస్తారు, వాక్యానికి ఒకే అర్థం తెచ్చే రెంటిని ఏరాల. అక్కడ ఔట్‌కాస్ట్, పరయా రెండూ కుదిరితే రెంటినీ పెట్టి రమ్మనే చెప్తాను. మా ఊరి రెడ్డి నన్నేమని పిలిచేవాడో చెప్పమంటే చెప్తాను. చెప్పినంత మాత్రాన ఒప్పుకున్నట్టా?

సొంత వ్యాసంలో వాడడం ఇంకో సంగతి. పార్టీ బయటికి పంపిన మంత్రిని పరయా అని ఎందుకు రాయాల? ఆయన ఆర్నెల్లకు ఇంకో కండువా కప్పుకొని వస్తాడు. పట్టికలో పరయాకు చుట్టంలా చూపించే మాట ఇంకోటుంది, ఆస్ట్రసైజ్. అది ప్రాచీన ఏథెన్స్‌ది. కుండపెంకు మీద పేరు గీకి ఓటేసేవాళ్ళు. ఓట్లు ఎక్కువ పడినవాడు పదేళ్ళు ఊరు విడిచిపోవాల. ఆస్తి ఆయనదే, గడువు తీరాక తిరిగి రావచ్చు. చాలామట్టుకు పెద్ద నాయకులకే పడిన శిక్ష అది. మరి మా మీద ఓటేసిందెవరు? ఎన్నేళ్ళకు? పెంకు కూడా మా చేతికే ఇచ్చారు, నీళ్ళు తాగడానికి.

ఈ రెండు మాటలూ ఒకటేనని కోచింగు పుస్తకం అంటుంది. కాదని హాస్టలు పిల్లకు తెలుసు. మంత్రికి ఆస్ట్రసైజ్ సరిగ్గా సరిపోతుంది, అదే రాయమన్నాను. మార్కు యాడికీ పోదు. అరుదైన మాట ఒక్కటే చాలదు, అది చోటుకు కుదిరిందా అని కూడా చూసే పరీక్ష అది.

కోసిగి పిల్లవాడు ఇంకా ఒప్పుకోలేదు. ఒక్క మాట వదిలేస్తే బ్యాండు తగ్గదు కదా సార్ అంటాడు. నిజమే, ఒక్కదానికి తగ్గదు. కానీ ఇట్లాంటి మాటలు ఒకటా? సి దగ్గర కూలీ ఉంది. పనితనం తెలియని మోటు పనివాడని డిక్షనరీ అర్థం. వాళ్ళమ్మ ఏటా గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోతుంది. రంగు చూసి పండునూ పచ్చినీ వేరుచేస్తూ, ఎండలో సాలు వెంట సాలు కోసే మనిషి. ఆ మాట దగ్గర ఏం చేస్తావప్పా అని అడిగాను. వచ్చే వారం చెప్తానని పోయాడు.